కెన్నర్ స్టార్ వార్స్ బొమ్మలు: రూపభేదాల నమోదు

కెన్నర్ సంస్థ 1978 నుంచి 1985 దాకా అమ్మిన స్టార్ వార్స్ బొమ్మల్లో పాత్రలు తొంభై పైచిలుకు మాత్రమే. వాటిని వరుస పెట్టి నమోదు చేయబూనినవారి పట్టికల్లో మాత్రం పద్దులు వందల్లోకి వెళ్లాయి. లూక్ స్కైవాకర్ ఒక్కడినే తీసుకున్నా జుట్టు రంగు ఒక తేడా, చేతిలోని లైట్‌సేబర్ తయారీ ఒక తేడా, కాలి వెనక చెక్కిన అక్షరాలు మరొకటి, బొమ్మను అతికించిన అట్ట ఇంకొకటి. సేకర్తలు వీటిని వేరియేషన్లు అంటారు. ఈ వ్యాసంలో రూపభేదాలు అందాం.

రెండు బొమ్మల మధ్య తేడా కనిపించడం నమోదుకు మొదటి మెట్టు మాత్రమే. ఆ తేడా ఎక్కడ పుట్టిందో తేల్చడమే అసలు పని. అది రూపకర్త బల్ల మీద పుట్టి ఉండవచ్చు, ఉక్కు అచ్చులో పుట్టి ఉండవచ్చు, రంగులద్దే చోటో, అట్టకు అతికించే చోటో పుట్టి ఉండవచ్చు. నలభై ఏళ్ల తర్వాత ఎవరింట్లోనో, ఎండ తగిలిన కిటికీ పక్కన పుట్టి ఉండవచ్చు. ధరల పుస్తకాలు అరుదైనదాన్ని పైన, దండిగా దొరికేదాన్ని కింద పెడతాయి. ఆ వరుస అమ్మేవాడికి పనికొస్తుంది. చరిత్ర తెలుసుకోవాలనుకునేవారికి కావలసింది పుట్టుకను బట్టి పెట్టిన వరుస.

నేపథ్యం

కెన్నర్ అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరానికి చెందిన బొమ్మల సంస్థ. స్టైనర్ సోదరులు ముగ్గురు 1946లో దాన్ని పెట్టారు. 1967లో అది ధాన్యపు ఆహారాలకు పేరున్న జనరల్ మిల్స్ చేతికి వెళ్లింది. ఈ యాజమాన్యం సంగతి రూపభేదాల చరిత్రలో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది, ఎందుకంటే తొలి బొమ్మల కాళ్ల మీద ఉన్నది కెన్నర్ పేరు కాదు, జనరల్ మిల్స్ బొమ్మల విభాగం పొడి అక్షరాలు.

జార్జ్ లూకాస్ 'స్టార్ వార్స్' 1977 మే 25న విడుదలైంది. అప్పట్లో యాక్షన్ ఫిగర్ల వ్యాపారంలో ముందున్న మెగో సంస్థ ఆ హక్కులు వద్దనుకుంది, కెన్నర్ తీసుకుంది. సంస్థ అధిపతి బెర్నార్డ్ లూమిస్, స్క్రిప్టు చదివి దీనికోసం పట్టుబట్టిన రూపకర్త జిమ్ స్వేరింజెన్ పేర్లు ఈ నిర్ణయంతో ముడిపడి ఉన్నాయి. ఆనాటి పెద్ద బొమ్మలు ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాలు ఉండేవి. ఆ కొలతలో అంతరిక్ష నౌక చేస్తే పిల్లవాడి గదిలో పట్టదు. అందుకే బొమ్మను మూడు ముప్పావు అంగుళాలకు కుదించారు. చిన్న బొమ్మ కాబట్టి ధర తక్కువ, ధర తక్కువ కాబట్టి ఒక్కో పిల్లవాడు పది బొమ్మలు కొన్నాడు, పది కొన్నాడు కాబట్టి కర్మాగారాలు పగలూ రాత్రీ పోత పోశాయి. ఇన్ని రూపభేదాలు పుట్టడానికి మూలం ఈ వేగమే.

సినిమా ఇంత పెద్ద విజయం సాధిస్తుందని ఎవరూ అనుకోలేదు. 1977 క్రిస్మస్‌కు బొమ్మలు సిద్ధం కాలేదు. కెన్నర్ ఒక అట్ట కవరును అమ్మకానికి పెట్టింది. అందులోని పత్రాన్ని టపాలో పంపితే 1978 తొలి నెలల్లో నాలుగు బొమ్మలు ఇంటికి వస్తాయి: లూక్, ప్రిన్సెస్ లేయా, చ్యూబాకా, ఆర్టూ-డీటూ. దీన్ని ఎర్లీ బర్డ్ పథకం అన్నారు. అట్ట లేకుండా, తెల్లటి ప్లాస్టిక్ ట్రేలో వచ్చిన ఈ నలుగురితోనే పట్టిక మొదలవుతుంది. కొన్నాళ్లకు ఈ నలుగురితో కలిపి పన్నెండు బొమ్మలు దుకాణాల్లోకి వచ్చాయి. 1978 ఒక్క ఏడాదిలో కెన్నర్ నాలుగు కోట్లకు పైగా స్టార్ వార్స్ ఆటవస్తువులు అమ్మింది.

తేడాకు తావిచ్చే తయారీ

ఈ బొమ్మకు కదిలే కీళ్లు ఐదు: మెడ, రెండు భుజాలు, రెండు తుంట్లు. ఛాతీ ముందు సగం, వెనక సగం విడివిడిగా పోస్తారు. చేతులు, కాళ్లు మధ్యలో ఇరికించి, రెండు సగాలను శబ్ద తరంగాల వెల్డింగుతో కలిపేస్తారు. తల మెత్తటి ప్లాస్టిక్, మొండెం గట్టి ప్లాస్టిక్. జుట్టు, ముఖం, బెల్టు, బూట్లు మీద రంగు అద్దుతారు. చివర్లో ఆయుధాన్ని చేర్చి, అట్ట మీద పెట్టి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ బుడగ అతికిస్తారు.

ఈ వరుసలో ప్రతి మెట్టుకూ దాని తరహా తేడా ఉంది. శిల్పం మారితే తల పరిమాణం, ముఖకవళికలు మారతాయి. ఒకే ఉక్కు అచ్చులో ఒకే భాగానికి పక్కపక్కనే చాలా గుంతలుంటాయి. గుంతకూ గుంతకూ వెంట్రుకవాసి తేడా ఉంటే, ఒకే రోజు పోసిన రెండు చేతుల వేళ్ల మధ్య సందు ఒకలా ఉండదు. రంగు డబ్బా మారితే జుట్టు మారుతుంది. ఒకే పాత్రను రెండు కర్మాగారాలకు అప్పజెప్పితే పై తేడాలన్నీ ఒకేసారి వస్తాయి. ఆ రోజుల్లో కర్మాగారాలు హాంకాంగ్‌లో, తైవాన్‌లో, మకావులో, తర్వాత చైనాలో ఉండేవి. సిన్సినాటిలోని ఆఫీసు ఆమోదించింది ఒక నమూనాని. దుకాణానికి చేరినవి దాని చుట్టాలు.

మొదటి పన్నెండు

పట్టికలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది మొదటి పన్నెండు బొమ్మల దగ్గరే. అప్పుడు సంస్థ ఇంకా నేర్చుకుంటోంది. అమ్మకం సాగుతుండగానే బొమ్మను మార్చింది. ఒక్కో మార్పు వెనక ఒక్కో కారణం స్పష్టంగా కనిపిస్తుంది.

జావా బొమ్మ అన్నింటికంటే పొట్టిది. మొదట దానికి బెన్ కెనోబీ, డార్త్ వేడర్‌ల మాదిరే పల్చని వినైల్ పై వస్త్రం తొడిగారు. అంత చిన్న బొమ్మకు అదే ధర పెడుతుంటే ఆ వినైల్ ముక్క చవకబారుగా కనిపించింది. కొన్నవాడికి తృప్తి కలగాలని కొద్ది కాలానికే వినైల్ తీసేసి గుడ్డతో కుట్టిన ముసుగు అంగీ వేశారు. తర్వాత ఏళ్ల తరబడి వచ్చిన జావాలన్నీ గుడ్డవే. కాబట్టి వినైల్ జావా అరుదైంది, ఖరీదైంది. అసలు వస్త్రం కేవలం ఒక ప్లాస్టిక్ ముక్క, బొమ్మ మాత్రం రెండింటిలోనూ ఒకటే కాబట్టి, నకిలీలకు ఇంతకంటే అనువైనది లేదు. బెన్ కెనోబీ వస్త్రాన్ని కత్తిరించి జావాకు తొడిగి అమ్మినవారున్నారు. అందువల్ల ఈ పద్దులో వస్త్రం రంగు, ఉపరితలం, కోత తీరు మూడూ విడిగా రాయాలి. 'వినైల్ వస్త్రం' అని ఒక్క మాట రాసి వదిలేసిన పట్టిక మోసానికి తలుపు తీసినట్టే.

లైట్‌సేబర్ కథ ఇంకాస్త సూక్ష్మమైంది. లూక్, బెన్, వేడర్ ముగ్గురికీ చేతి లోపల దాగి ఉండే లైట్‌సేబర్ ఉంటుంది. చిన్న మీటను జరిపితే అది అరచేతి గుండా బయటికి వస్తుంది. తొలి తయారీలో ఆ సేబర్ లోపల మరో సన్నని పుల్ల ఉండేది. మొదటిది బయటికి వచ్చాక దాని కొస నుంచి రెండోది ఇంకా ముందుకు సాగేది. సేకర్తలు దీన్ని డబుల్ టెలిస్కోపింగ్ అంటారు. ఇలాంటిది చేయడానికి ఖర్చు, శ్రమ రెండూ ఎక్కువ, పుల్ల సులువుగా విరుగుతుంది కూడా. కెన్నర్ దాన్ని త్వరగానే వదిలి ఒకే ముక్క సేబర్‌కు మారింది. రెండు ముక్కల సేబర్ లూక్‌తో అప్పుడప్పుడూ దొరుకుతుంది, ఎర్లీ బర్డ్ టపాలో వచ్చినవాటిలో కూడా కొన్ని ఉన్నాయి. బెన్, వేడర్‌లతో అది బహు అరుదు. ఈ ముగ్గురినీ ఒకే పద్దు కింద 'తొలి సేబర్' అని కలిపేయడం తప్పు. కారణం ఒకటే అయినా, మార్పు జరిగిన సమయానికి ఒక్కో బొమ్మ ఎన్ని తయారయ్యాయో వేరు.

హాన్ సోలోకు రెండు తలలు. మొదటిది చిన్నది, తర్వాతది పెద్దది. ఇది రంగు మార్పు కాదు, కొత్త శిల్పం, కొత్త అచ్చు. అంటే ఎవరో కూర్చుని పాతదాన్ని చూసి, బాగాలేదని తేల్చి, డబ్బు ఖర్చు పెట్టారు. రెండింటిలో ఏదీ మరీ అరుదు కాదు. ధరల పుస్తకం దీన్ని రెండు పంక్తుల్లో ముగిస్తుంది. పుట్టుకను బట్టి పెట్టే వరుసలో మాత్రం హాన్ తల పై స్థానంలో ఉండాలి. సంస్థ తెలిసి, కావాలని చేసిన మార్పుకు ఇంతకంటే స్వచ్ఛమైన ఉదాహరణ మొదటి పన్నెండులో లేదు.

లూక్ జుట్టు పసుపు నుంచి గోధుమ రంగు దాకా మారుతుంది. బెన్ జుట్టు బూడిద రంగులో ఒకటి, తెల్లగా ఒకటి ఉన్నాయి. ఇవి అద్దిన రంగుకు, కర్మాగారానికి సంబంధించినవి. ఈ తరహా తేడాల్లో రెండు కొసల మధ్య ఉన్నదంతా ఒక వాలు. పసుపు ఎక్కడ ఆగి గోధుమ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. మంచి పట్టిక ఇక్కడ రంగు పేరుతో పాటు ఆ బొమ్మ కాలి మీది దేశం పేరును కూడా చేరుస్తుంది. అప్పుడు తెలుస్తుంది, ఆ రంగు ఒక కర్మాగారపు అలవాటా, లేక ఒక డబ్బా తేడానా అన్నది.

నీలి స్నాగుల్‌టూత్

1978లో సియర్స్ దుకాణాల కోసం కెన్నర్ ప్రత్యేకంగా క్యాంటీనా అడ్వెంచర్ సెట్ చేసింది. సినిమాలోని మద్యశాల దృశ్యంలో కనిపించే గ్రహాంతరవాసులు గ్రీడో, హ్యామర్‌హెడ్, వాల్రస్ మ్యాన్, స్నాగుల్‌టూత్ అందులో ఉన్నారు. స్నాగుల్‌టూత్‌ను మలచడానికి కెన్నర్ దగ్గరున్న ఛాయాచిత్రం నలుపు తెలుపుల్లో, నడుము పై భాగం వరకే ఉంది. పాత్ర ఎత్తు తెలియదు, దుస్తుల రంగు తెలియదు, కాళ్లు ఎలా ఉంటాయో తెలియదు. రూపకర్తలు ఊహించారు: మిగతా బొమ్మలంత ఎత్తు, నీలి దుస్తులు, వెండి రంగు బూట్లు. సినిమాలో ఆ పాత్ర పొట్టిది, ఎర్ర దుస్తులది, బూట్లు లేనిది. విడిగా అట్ట మీద అమ్మే సమయానికి బొమ్మను పూర్తిగా మార్చి పొట్టి ఎర్ర స్నాగుల్‌టూత్ తెచ్చారు. నీలి బొమ్మ సియర్స్ పెట్టె కొన్నవారికే మిగిలింది.

దీన్ని చాలాచోట్ల 'తప్పు బొమ్మ' అంటారు. ఆ పేరు సరి కాదు. కర్మాగారంలో తప్పేమీ జరగలేదు, ఆమోదించిన శిల్పాన్ని ఆమోదించిన రంగుల్లో పోశారు. లోపం సమాచారంలో ఉంది. కాబట్టి పట్టికలో దీన్ని 'సమాచారం వల్ల వచ్చిన మార్పు' అని చెప్పాలి. హాన్ తలతో, జావా వస్త్రంతో కలిపి ఒకే గుంపులో వేయకూడదు. ఇదే కోవలోకి మరొకటి వస్తుంది. రెండో సినిమా 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' కాలంలో వచ్చిన ఇద్దరు బహుమతి వేటగాళ్లు ఫోర్-లామ్, జకస్‌ల పేర్లను కెన్నర్ తారుమారు చేసి అమ్మింది. బొమ్మల్లో మార్పేమీ లేదు, పేర్లలోనే గందరగోళం. పట్టిక రాసేవారు అట్ట మీది పేరును ఒక గడిలో, సినిమాలోని పేరును మరో గడిలో రాస్తే తప్ప చదివేవారికి దారి దొరకదు.

అమ్మకానికి రాని బోబా ఫెట్

1979లో కెన్నర్ ఒక కానుక ప్రకటించింది. నాలుగు కొనుగోలు గుర్తులు కత్తిరించి పంపితే, వచ్చే సినిమాలోని కొత్త పాత్ర బోబా ఫెట్ బొమ్మ ఇస్తామంది. వీపు మీది రాకెట్ మీట నొక్కితే ఎగురుతుంది. అంతలోనే పోటీ సంస్థ మాటెల్ అమ్మిన బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా నౌకలోని చిన్న క్షిపణి గొంతులో ఇరుక్కుని ఒక చిన్నారి మరణించాడు. దాంతో ఎగిరే ముక్కలున్న బొమ్మలన్నిటి మీదా భయం కమ్ముకుంది. కెన్నర్ రాకెట్‌ను కదలకుండా అతికించి, ఎందుకు మార్చామో చెప్పే ఉత్తరంతో బొమ్మను పంపింది. అట్టల మీద ఎగిరే రాకెట్ అని వేసిన బొమ్మను స్టిక్కరుతో కప్పేసింది.

ఎగిరే రాకెట్ ఫెట్ దుకాణానికి గాని, టపాలో గాని ఏ పిల్లవాడికీ చేరలేదు. మిగిలినవి కర్మాగార నమూనాలు. వాటిలో రెండు రకాలు చెబుతారు: వీపు మీద మీట జరిగే గాడి ఇంగ్లిష్ ఎల్ అక్షరం ఆకారంలో ఉన్నవి, తర్వాత భద్రత కోసం దాన్ని జె ఆకారానికి మార్చినవి. ఈ నమూనాలు వేలంలో లక్షల డాలర్లకు వెళ్లాయి. 2024లో రంగులు వేసిన ఒక నమూనా 5,25,000 డాలర్లకు అమ్ముడైంది. ఇది రూపభేదమా అని అడిగితే, కాదనే చెప్పాలి. అమ్మకానికి రాని వస్తువు విడుదల భేదాల పట్టికలో చేరదు. నమూనాలకు, అచ్చు పరీక్షించడానికి పోసిన తొలి పోతలకు, మైనపు శిల్పాలకు వేరే పుస్తకం ఉండాలి. అయినా ప్రతి ధరల పుస్తకంలోనూ ఫెట్ మొదటి పుటల్లో ఉంటాడు. ధర ఆధారంగా వరుస పెడితే జరిగేది ఇదే. పట్టికలో చేరవలసిన అసలు పద్దు ఆ స్టిక్కరు. అది అట్ట మీద ఉంది, దుకాణంలో వేలాడింది.

తర్వాతి చిత్రాలు

1980లో 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్', 1983లో 'రిటర్న్ ఆఫ్ ది జెడై' వచ్చాయి. ఈ కాలంలో తయారీ కుదుటపడింది, పెద్ద మార్పులు తగ్గాయి, చిన్నవి పెరిగాయి. యోడాతో వచ్చిన పాము మొదట నారింజ రంగు, తర్వాత గోధుమ రంగు. లాండో నవ్వులో తెల్లటి పళ్లు ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. అగ్‌నాట్ అంగీ నీలంలో, లేత ఊదాలో ఉంది. బెస్పిన్ గౌనులోని లేయా మెడ దగ్గర రంగు అద్దినది, అద్దనిది ఉన్నాయి. క్లాటూ చేతులు కాళ్లు కొన్నిటిలో బూడిద, కొన్నిటిలో లేత గోధుమ.

వీటన్నిటిలో ఆగి చూడదగ్గది జెడై నైట్ దుస్తుల్లోని లూక్. తొలి ప్రతుల్లో అతని లైట్‌సేబర్ నీలం. సినిమా ముందస్తు ప్రచార చిత్రాల్లో కూడా అది నీలంగానే కనిపించింది. ఎడారి ఆకాశం మీద నీలం కలిసిపోకుండా సినిమాలో దాన్ని ఆకుపచ్చ చేశారు. బొమ్మ దాన్ని అనుసరించింది. ఇక్కడ రూపభేదం సినిమా సంకలనం గదిలో పుట్టింది. ప్లాస్టిక్ కత్తి రంగు చూసి ఒక సినిమా నిర్మాణంలోని నిర్ణయాన్ని కాలంతో సహా పట్టుకోగలగడం ఈ నమోదు పనిలో దొరికే గొప్ప ఆనందాల్లో ఒకటి.

1985లో అమ్మకాలు తగ్గాక 'పవర్ ఆఫ్ ది ఫోర్స్' పేరుతో కొత్త అట్టలు వచ్చాయి. ప్రతి బొమ్మతో ఒక లోహపు నాణెం ఇచ్చారు. నాణేలు మొత్తం 62. యాక్ ఫేస్ అనే పాత్ర అమెరికాలో అమ్మకానికే రాలేదు, కెనడాలో, ఐరోపాలో, ఆస్ట్రేలియాలో మాత్రం వచ్చింది. ఆ ఏడాదితో కెన్నర్ ఈ వరుసను ఆపేసింది.

అట్ట చెప్పే కాలం

విడి బొమ్మ మీద తయారైన తేదీ లేదు. కాలి మీద ఉన్న సంవత్సరం హక్కుల సంవత్సరం, తయారైన సంవత్సరం కాదు. 1977 అని ఉన్న బొమ్మ 1984లో పోసినది కావచ్చు. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కాబట్టి కాలనిర్ణయానికి ఆధారం అట్టే.

అట్ట వెనక ఆ నాటికి అమ్మకంలో ఉన్న బొమ్మల చిత్రాలు వరుసగా ఉంటాయి. వాటి సంఖ్యే అట్టకు పేరైంది. పన్నెండు చిత్రాలున్నది 12-బ్యాక్, ఇరవై ఉన్నది 20-బ్యాక్, బోబా ఫెట్ చేరాక 21-బ్యాక్. 'ఎంపైర్' పేరుతో 21, 31, 32, 41, 45, 47, 48 ఉన్నాయి. 'జెడై' పేరుతో 48, 65, 77, 79 ఉన్నాయి. చివరి 'పవర్ ఆఫ్ ది ఫోర్స్'లో 92. ఒక్కో సంఖ్యలో మళ్లీ ఉపభేదాలుంటాయి: అట్ట కింది భాగంలో ముద్రించిన పంక్తులు, కానుక ప్రకటనలు, వాటి మీది స్టిక్కర్లు. మూడో సినిమాకు మొదట అనుకున్న పేరు 'రివెంజ్ ఆఫ్ ది జెడై'. విడుదలకు కొన్ని నెలల ముందు దాన్ని మార్చారు. ఆలోపు ఆ పాత పేరుతో నమూనా అట్టలు ముద్రణ అయ్యాయి. అమ్మకంలో ఉన్న 'ఎంపైర్' అట్టల మీద అడ్మిరల్ ఆక్‌బార్ కానుక ప్రకటనలో పాత పేరు అచ్చై దుకాణాల్లోకి కూడా వెళ్లింది.

పేర్లు కూడా అట్టతో పాటు మారాయి. డెత్ స్క్వాడ్ కమాండర్ అని అమ్మిన బొమ్మ 'ఎంపైర్' అట్టల నుంచి స్టార్ డిస్ట్రాయర్ కమాండర్ అయింది. బొమ్మ అదే, పేరులోని చావు తీసేశారు.

కాళ్ల వెనక అక్షరాలు

1977 అని ఉన్న బొమ్మల కాలి వెనక జి.ఎం.ఎఫ్.జి.ఐ. అనే అక్షరాలుంటాయి. అవి జనరల్ మిల్స్ ఫన్ గ్రూప్ పేరుకు పొడి. 'ఎంపైర్', 'జెడై' బొమ్మల మీద లూకాస్‌ఫిల్మ్ సంస్థకు గుర్తుగా ఎల్.ఎఫ్.ఎల్. ఉంటుంది. పక్కనే తయారైన దేశం: హాంకాంగ్, తైవాన్, మకావు, చైనా. కొన్నిటి మీద దేశం పేరే లేదు. పోత ఒక చోటి నుంచి మరో చోటికి మారినప్పుడు అచ్చులో ఆ పేరును చెరిపేశారు. చెరిపిన చోట గీతగానో, ఉబ్బుగానో మచ్చ మిగిలిపోయింది. ఈ మచ్చ పట్టిక రాసేవారికి వరం. పేరున్న బొమ్మ ముందు, మచ్చ ఉన్న బొమ్మ తర్వాత అని, రెండూ ఒకే అచ్చు నుంచి వచ్చాయని ఒకే గుర్తుతో రుజువవుతుంది. అట్ట నుంచి విడిపోయిన బొమ్మ విషయంలో ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం లేదు. 1990ల తర్వాత సేకర్తలు ఈ ముద్రలను ఓపికగా సరిపోల్చి, ఒక్కో పాత్రకు ఎన్ని అచ్చులు నడిచాయో కుటుంబాలుగా విడదీశారు. జుట్టు రంగు గురించి దశాబ్దాల వాదనలు చాలావరకు ఈ పనితోనే తీరాయి.

ఇతర దేశాలు

జనరల్ మిల్స్‌కు చాలా దేశాల్లో సొంత, అనుబంధ సంస్థలున్నాయి. బ్రిటన్‌లో లెస్టర్‌షైర్‌లోని కోల్‌విల్ పట్టణపు పాలిటాయ్, ఫ్రాన్స్‌లో మెకానో, ఇటలీలో హార్బర్ట్, నెదర్లాండ్స్‌లో క్లిప్పర్, ఆస్ట్రేలియాలో టోల్‌టాయ్స్ ఈ బొమ్మలను అమ్మాయి. జపాన్‌లో తకారా కెన్నర్ బొమ్మలను అమ్ముతూనే సొంత అచ్చులతో వేరే బొమ్మలు కూడా చేసింది. ఐరోపా కోసం ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్ మూడు భాషల్లో సినిమా పేరున్న అట్ట వచ్చింది. దాన్ని ట్రై-లోగో అంటారు.

ఎక్కువ ఆసక్తికరమైనవి స్థానికంగా పోత పోసిన దేశాలు. మెక్సికోలో లిలి లేడీ సంస్థ స్థానిక ప్లాస్టిక్‌తో, స్థానిక రంగులతో చేసిన బొమ్మలు చూడగానే వేరుగా తెలుస్తాయి. వారి జావాలలో ముసుగు విడిగా ఊడివచ్చే అంగీ తొడిగినవి ఉన్నాయి. స్పెయిన్‌లో పిబిపి, అర్జెంటీనాలో టాప్ టాయ్స్, బ్రెజిల్‌లో గ్లాస్‌లైట్ ఇదే దారిలో నడిచాయి. కెన్నర్ 'డ్రాయిడ్స్' కార్టూన్ బొమ్మల రెండో విడత అమెరికాలో రాకుండానే ఆగిపోయింది. అందులోని వ్లిక్స్ అనే పాత్ర మాత్రం బ్రెజిల్‌లో గ్లాస్‌లైట్ ద్వారా అమ్మకానికి వచ్చింది. ఆ పాత్రకు అధికారికంగా విడుదలైన బొమ్మ ప్రపంచంలో అదొక్కటే.

టర్కీలో ఉజాయ్ పేరుతోనూ, పోలండ్, హంగరీలలోనూ హక్కులు లేకుండా పోసిన అనుకరణలు వచ్చాయి. వీటిని పట్టికలో చేర్చాలా అన్నదాని మీద భిన్నాభిప్రాయాలున్నాయి. విడిగా అనుబంధంలో చేర్చడం సబబు. అసలు బొమ్మ దొరకని ఇనుప తెర అవతలి పిల్లలు ఏ బొమ్మతో ఆడుకున్నారో అవే చెబుతాయి.

ఏది చేర్చకూడదు

స్టార్మ్‌ట్రూపర్ తెల్లటి ప్లాస్టిక్ కాలక్రమంలో పసుపు పచ్చగా మారుతుంది. అది రూపభేదం కాదు, వయసు. కొందరు హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టి తిరిగి తెల్లగా చేస్తారు. అది మరమ్మతు. చెప్పకుండా అమ్మితే మోసం. ఒక కర్మాగారం బొమ్మకు ఇంకో బొమ్మ చెయ్యి తగిలించినా, కొత్తగా పోసిన నకలు ఆయుధాన్ని అసలుదని జతచేసినా పట్టికలో లేని 'కొత్త భేదం' పుడుతుంది. ఆయుధం అసలుదా కాదా తేల్చడానికి కొందరు నీటిలో వేసి చూస్తారు. ఆ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పడం సరికాదు. అచ్చు గీతలు, పోత పోసిన చోటి ముద్ర, రంగు నీడ అన్నీ కలిపి చూడాలి.

ఒక్కటే దొరికిన తేడాను కూడా భేదంగా నమోదు చేయకూడదు. ఒక బొమ్మకు బెల్టు రంగు పడలేదంటే అది ఆ రోజు ఆ ఒక్క బొమ్మకు జరిగిన పొరపాటు. ఒకే ముద్రతో, ఒకే దేశంతో, ఒకే తేడాతో వేర్వేరు చోట్ల నుంచి పలు ప్రతులు వచ్చినప్పుడే పద్దు తెరవాలి. ఈ నియమం కఠినంగా అనిపించవచ్చు. అది లేకపోతే పట్టికలో కర్మాగారం చరిత్ర ఉండదు, ఎవరి అలమరలో ఏముందో మాత్రమే ఉంటుంది.

ముద్రిత పట్టికలు

సేకర్త, రచయిత స్టీఫెన్ శాన్స్‌వీట్ 1992లో రాసిన పుస్తకం ఈ వస్తువుల చరిత్రను తయారీ వైపు నుంచి చెప్పిన తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైంది. 1994లో వచ్చిన టోమార్ట్ ధరల పుస్తకంలో ఆయన ప్రపంచవ్యాప్తంగా వచ్చిన వస్తువులను జాబితా చేశారు. జాన్ కెల్లర్‌మాన్ పుస్తకం పూర్తిగా ఈ బొమ్మల మీదే దృష్టి పెట్టింది. శాన్స్‌వీట్ సేకరణ కాలిఫోర్నియాలోని పెటలూమాలో రాంచో ఒబి-వాన్ అనే మ్యూజియంగా మారింది, గిన్నిస్ రికార్డుకు ఎక్కింది. 2015 నాటికి అక్కడ లెక్కించి నమోదు చేసినవి 90 వేలకు పైగా, నమోదు కానివి అంతకు కొన్ని రెట్లు. రికార్డులో లెక్కకు వచ్చినవి నమోదైనవి మాత్రమే.

స్థితిని బట్టి బొమ్మకు మార్కులు వేసి పారదర్శక పెట్టెలో మూసి ఇచ్చే సంస్థలు కూడా వచ్చాయి. ఏఎఫ్‌ఏ వాటిలో ప్రముఖమైంది. పెట్టె మీది చీటీ రూపభేదాన్ని కూడా పేర్కొంటుంది కాబట్టి కొనేవారికి ధైర్యం కలుగుతుంది. కానీ మూసిన పెట్టెలోని బొమ్మ కాలి వెనక చూడటం కష్టం. పరిశోధకులకు ఇది నిజమైన నష్టం.

దగ్గరి ఉదాహరణ

ఇదే పద్ధతి ఇతర వరుసలకూ వర్తిస్తుంది. తెలుగు పాఠకులకు చేరువైనది ఫన్‌స్కూల్ జి.ఐ. జో. అమెరికన్ బొమ్మల సంస్థ హాస్‌బ్రో అనుమతితో ఫన్‌స్కూల్ భారతదేశంలో పోసిన ఈ బొమ్మలు 1990లలో మన నగరాల దుకాణాల్లో దొరికేవి. అమెరికన్ అచ్చులు ఇక్కడికి వచ్చి, ఇక్కడి ప్లాస్టిక్‌తో, ఇక్కడి రంగులతో కొత్త బొమ్మలయ్యాయి. అమెరికాలో ఎన్నడూ లేని రంగుల్లో ఉన్న ఈ బొమ్మలను విదేశీ సేకర్తలు వెతికి కొన్నారు. కెన్నర్ అట్టకు లేని ఒక సౌకర్యం వీటికి ఉంది. 1977 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం భారతదేశంలో అమ్మే ప్యాకెట్ మీద ధరతో పాటు ప్యాక్ చేసిన నెల, సంవత్సరం అప్పట్లో వేయాల్సి ఉండేది. కెన్నర్ బొమ్మకు కాలం తేల్చడానికి అట్ట వెనక చిత్రాలు లెక్కపెట్టాలి, కాలి మీది మచ్చ వెతకాలి. ఇక్కడి అట్ట మీద ఆ ముద్ర చెదరకుండా మిగిలి ఉంటే, ఏ రంగు ఏ నెలలో అట్టకెక్కిందో నేరుగా చదువుకోవచ్చు.